పదహారు గళ్లలో గుంటూరు మిరపకాయ

స్ప్రైట్ అంటే గేమ్‌లో కనిపించే చిన్న బొమ్మ: మనిషి, నాణెం, పండు, ఏదైనా. మొదటిసారే మనిషి జోలికి పోకండి. నేను కత్తి పట్టిన వీరుణ్ని వేయబోయి మూడు రాత్రులు తగలేశాను. మా తమ్ముడు చూసి, "గ్యాస్ సిలిండరా అక్కా?" అన్నాడు. అప్పుడు వంటింట్లోంచి ఒక ఎండుమిరపకాయ తెచ్చి కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. గుంటూరులో వాటికేం కరువు! సన్నం రకమైతే మంచిది, పొడవుంటేనే వంపు వేయడం వస్తుంది. కాయ పట్టుకున్న చేత్తో కళ్లు మాత్రం నలుపుకోకండి.

బొమ్మ వేయడానికి పిస్కెల్ అనే టూల్ ఉంది, బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తుంది. కాన్వాస్ 16×16 పెట్టండి, అంటే అడ్డంగా 16, నిలువుగా 16 గళ్లు; ఒక్కో గడి ఒక పిక్సెల్. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో చిన్న మారియో ఇమిడింది ఇన్ని గళ్లలోనే, అదీ మూడు రంగులతో. పెన్ను సైజు ఒక్క పిక్సెల్. ముందు ఒకే ఎరుపుతో ఆకారమంతా నింపి, కుర్చీ వెనక్కి జరిపి చూడండి. మిరపకాయని తెలియకపోతే ఇంకే రంగూ వేయకండి, ఆకారమే సరిచేయండి.

అసలు తిప్పలు వంపు దగ్గర. నా కాయ అంచు రంపంలా వచ్చింది. గళ్లు లెక్కపెడితే దొరికింది: నిలువుగా 3, పక్కకి జరిగి 1, మళ్లీ 3, మళ్లీ 1. దాన్ని 4, 3, 2, 1 అని వరుసగా తగ్గిస్తే వంపు నున్నగా తిరిగింది. మధ్యలో ఒక్క గడి తేడా వచ్చినా కన్ను అక్కడే తట్టుకుంటుంది.

నీడ కోసం ఎరుపులో నలుపు కలిపితే తడిసి బూజు పట్టిన కాయలా ఉంటుంది. ముదురు ఎరుపును కాస్త ఊదా వైపు జరపండి, వెలుగుకి నారింజ వైపు. వెలుగు ఎడమ పైనుంచి పడుతోందనుకుంటే అక్కడ రెండు నారింజ పిక్సెళ్లు చాలు, నీడ కుడి అంచున. చుట్టూరా నీడ వేశారో, కాయ దిండులా ఉబ్బుతుంది. తొడిమకి ఎండుగడ్డి రంగు. మొత్తం నాలుగు రంగులు.

సేవ్ చేసేది పీఎన్‌జీలోనే. జేపీజీ అంచుల్ని మసకబారుస్తుంది, పారదర్శకతా పోతుంది. పెద్దది చేయాలంటే 8 రెట్లో 10 రెట్లో చేయండి, ఒకటిన్నర రెట్లు చేస్తే గళ్లు సమానంగా రావు. ఫోన్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

కదలిక కావాలంటే ఫ్రేమ్ కాపీ చేసి, కాయను ఒక్క గడి కిందికి దించి, వేగం 3 ఎఫ్‌పీఎస్‌కి, అంటే సెకనుకి మూడు ఫ్రేములకి, తగ్గించండి. గేమ్‌లో ఏరుకోమని పిలుస్తున్నట్టు ఊగుతుంది.