గోడవార గొట్టం కారుతోందా? ముందు ఆ నీళ్లు ఎక్కడివో తేల్చండి

డాబా మీది నీళ్ల ట్యాంకు నుంచి దిగిన ఓవర్‌ఫ్లో గొట్టం చుక్కచుక్కగా కారుతుంటే చాలామంది నేరుగా శానిటరీ షాపుకెళ్లి కొత్త బాల్ వాల్వు (ట్యాంకు నిండగానే తేలే బంతితో నీళ్లు ఆపేది) తెచ్చేస్తారు. ఒక్కోసారి దాన్ని బిగించాక కూడా గొట్టం కారుతూనే ఉంటుంది. ఎందుకంటే ఆ నీళ్లు వాల్వులోంచి వచ్చినవి కావు. ట్యాంకులోకి నీళ్లు పైనుంచే రావాలని లేదు, కింద అవుట్‌లెట్ గొట్టంలోంచి కూడా ఎక్కుతాయి. అందుకే రెంచి పట్టుకునే ముందు ఓ రోజు కాపలా కాయాలి.

సెకనుకో చుక్క పడితే రోజుకు పోయేది 4 లీటర్ల పైచిలుకు. నీళ్ల లెక్కన అది పెద్దదేం కాదు. అదే నీరు నెలల తరబడి గోడలోకి ఇంకితే పెయింటు పొక్కుతుంది, లోపలి గదిలో చెమ్మ దిగుతుంది. అసలు ఖర్చు అక్కడ.

ముందు కారేది ఏ గొట్టమో రూఢి చేసుకోండి. ట్యాంకు ఓవర్‌ఫ్లో, సోలార్ వాటర్ హీటర్ గాలి గొట్టం, గీజర్ సేఫ్టీ వాల్వు గొట్టం, ఏసీ నీళ్ల గొట్టం, ఆర్వో వేస్టు గొట్టం చాలా ఇళ్లలో ఒకే సందులోకి దిగుతాయి. అనుమానం ఉన్న ప్రతి గొట్టం మూతికీ ఒక లీటరు ఖాళీ సీసా వదులుగా కట్టండి. రెండు మూడు గంటలకోసారి చూసి నీళ్లు ఎన్ని పడ్డాయో, చల్లగా ఉన్నాయా గోరువెచ్చగా ఉన్నాయా, ఆ సమయంలో ఇంట్లో ఏం నడుస్తోందో రాసుకోండి. ఏసీ వేసినప్పుడే పడితే అది ఏసీ నీరు, మామూలే. ఆర్వో ట్యాంకు నిండాక కూడా వేస్టు గొట్టం ఆగకపోతే దాని సోలెనాయిడ్ వాల్వో (కరెంటుతో నీళ్లు ఆపేది), ఆపాల్సిన ఫ్లోట్ స్విచ్చో చూడాలి. మోటారు కట్టేశాక కాసేపు కారి ఆగిపోతే గొట్టంలో నిలిచిన నీరే, వదిలేయండి.

ఆగకుండా కారేది ట్యాంకు ఓవర్‌ఫ్లో అయితే రాత్రి ఈ పరీక్ష చేయండి. మోటారు స్విచ్చి కట్టేయండి. ఆటోమేటిక్ కంట్రోలరు ఉంటే దాన్నీ ఆపేయండి. కింద కుళాయిలు వదిలి, ఓవర్‌ఫ్లో రంధ్రానికి 4 అంగుళాల కిందకు నీళ్లు దించండి. ట్యాంకు లోపలి గోడ తుడిచి నీటి అంచు దగ్గర పెన్సిలు గీత పెట్టండి. పైనుంచి నీళ్లొచ్చే లైను గేటు వాల్వు పూర్తిగా కట్టేసి, ఇంట్లో ఎవరూ నీళ్లు వాడకుండా పొద్దున దాకా ఉంచండి.

పొద్దున్నే గీత మునిగి ఉంటే నీళ్లు కిందినుంచి ఎక్కుతున్నట్టు. అయితే ఆ గేటు వాల్వే సరిగా మూసుకోకపోయినా గీత మునుగుతుంది కాబట్టి, ఇన్‌లెట్ మూతి కింద ఓ చెంబు వేలాడదీస్తే అనుమానం ఉండదు. చెంబు పొడిగా ఉండి గీత మునిగితే తప్పు కిందే. నీటి అంచు గీత దగ్గరే ఉంటే లైను తిరిగి విప్పి, నీళ్లొచ్చే వేళకు బాల్ వాల్వు దగ్గర నిలబడాలి.

ట్యాంకు నిండాక బాల్‌ను చేత్తో మెల్లగా పైకెత్తండి. పూర్తిగా ఎత్తితే ధార ఆగిపోతోందా? అయితే వాల్వు బాగానే ఉంది, మూసుకునే ఎత్తే తప్పు. బాల్‌ను పట్టి ఉంచే కాడ ఇత్తడిదైతే మధ్యలో రెండు చేతులతో పట్టి కొద్దిగా కిందికి వంచండి, ఓవర్‌ఫ్లో రంధ్రానికి 2 అంగుళాల కిందే నీరు ఆగాలి. ప్లాస్టిక్ కాడను వంచితే విరుగుతుంది, దానికి మర సర్దుబాటు ఉంటుంది. బాల్‌ను విప్పి చెవి దగ్గర ఊపండి. లోపల నీళ్లు గలగలలాడితే చిల్లు పడ్డట్టు, కొత్త బాల్ ఒక్కటే కొంటే చాలు.

పూర్తిగా ఎత్తినా చుక్క ఆగకపోతే వాషరు అరిగింది. లైను కట్టేసి, కాడను పట్టి ఉంచే పిన్ను తీస్తే పిస్టన్ బయటికొస్తుంది. దాని కొసన పైసా బిళ్లంత రబ్బరు వాషరు ఉంటుంది. నాజిల్ (వాల్వులో నీళ్లొచ్చే మూతి) నొక్కుకున్న చోట దానిమీద గుండ్రటి గాడి కనబడుతుంది. ఆ గాడి లోతుగా ఉంటే మార్చాలి. కొత్తది దొరికేదాకా దాన్నే తిరగేసి పెట్టినా కొన్నాళ్లు నడుస్తుంది. నాజిల్ అంచు మీద వేలు తిప్పి చూడండి. బోరు నీళ్లయితే తెల్లటి గార గరుకుగా తగులుతుంది. వెనిగర్‌లో ఓ గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. గోరుకు తట్టేంత గాటు ఉంటే వాల్వు మొత్తం మార్చడమే మేలు. కొత్తది బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపు మర తిరిగే దిశలోనే పదిపన్నెండు చుట్లు గట్టిగా లాగి చుట్టండి.

ఇక కిందినుంచి ఎక్కే నీళ్లు. ప్లంబర్లు కూడా తరచూ పొరబడేది ఇక్కడే. మంచినీళ్లకు ఒకటి, బోరు నీళ్లకు ఒకటి రెండు ట్యాంకులుండి, వాటి లైన్లు ఎక్కడో ఒక గేటు వాల్వు దగ్గర కలిస్తే, ఆ వాల్వు పాస్ అయినప్పుడు, అంటే కట్టేసినా నీళ్లు వదిలినప్పుడు, ఎత్తున్న ట్యాంకు నీళ్లు పల్లంలో ఉన్నదాన్ని పొంగిస్తాయి. రెండింట్లోనూ గీతలు పెట్టి చూడండి, ఒకటి దిగుతూ ఒకటి పొంగుతుంటే దొంగ దొరికినట్టే. ట్యాంకును తప్పించి నేరుగా మున్సిపల్ నీళ్లు వాడుకునే బైపాస్ ఉన్న ఇళ్లలోనూ ఇదే తంతు, కాకపోతే నీళ్లు వదిలే వేళలోనే కారుతుంది.

ఇంకో దారి బాత్రూం మిక్సర్. వేడి, చల్లని నాబ్‌లు రెండూ తెరిచి ఉంచి, హ్యాండ్ షవర్‌ను మీట దగ్గర మాత్రమే కట్టేస్తే, ఒత్తిడి ఎక్కువున్న వైపు నీళ్లు మిక్సర్ గుండా రెండో వైపు ట్యాంకులోకి పోతాయి. ప్రెషర్ పంపు ఒక్క లైనుకే ఉన్న ఇళ్లలో ఇది మామూలు. మిక్సర్ల కింద యాంగిల్ కాక్‌లు (నీళ్లు ఆపే చిన్న కుళాయిలు) ఒక్కొక్క బాత్రూంలో కట్టేస్తూ పైన గొట్టం చూడండి.

కారేది సోలార్ గాలి గొట్టమైతే, ఈమధ్య చల్లనీళ్ల ట్యాంకు మార్చారా అని గుర్తు చేసుకోండి. 500 లీటర్లది తీసి ఎత్తైన 1000 లీటర్లది పెడితే నీటి మట్టం గాలి గొట్టం కొసను దాటిపోతుంది. మేస్త్రీలు వాడే పారదర్శక లెవల్ పైపుతో కొలవండి. గొట్టం కొస, ట్యాంకు నిండు మట్టం కన్నా పైనే ఉండాలి. తక్కువైతే అదే సైజు గొట్టం అతికి పొడిగించండి. దానికి బిరడా మాత్రం పెట్టొద్దు, గాలి ఆడక వేడినీళ్ల ట్యాంకు సొట్టపోవచ్చు.

గీజర్ సేఫ్టీ వాల్వు వేడెక్కేటప్పుడు కారడం సహజం. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 400 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తాయి, అవి ఎక్కడికైనా పోవాలి కదా. స్విచ్చి కట్టేసి చల్లారాక కూడా కారుతుంటే వాల్వులో గార చేరిందో, లైను ఒత్తిడి ఎక్కువైందో చూడాలి. ఆ గొట్టాన్నీ మూయకూడదు, మూస్తే గీజరే పగలొచ్చు.

బాగుచేశాక సీసా వెంటనే విప్పేయకండి. మున్సిపల్ నీళ్లు రెండు విడతలు వచ్చి, ట్యాంకు రెండుసార్లు నిండేదాకా కట్టే ఉంచండి. రాత్రివేళ లైను ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే పాస్ అయ్యే వాల్వులుంటాయి.