న్యుమోనియా ముప్పు ఎవరికి ఎక్కువో ముందే గుర్తించడం ఎలా?

ఆసుపత్రిలో కాకుండా, ఇంటిపట్టున ఉంటూ పనులు చేసుకుంటున్న మనిషికి బయట సోకే న్యుమోనియా గురించి ఇక్కడ చెప్పుకుంటున్నాం. ఆసుపత్రిలో చేరిన తొలి 48 గంటల్లో బయటపడినదాన్నీ వైద్యులు ఈ కోవలోనే చేరుస్తారు. వానలో తడవడమే దీనికి కారణమనుకుంటే అసలు ముప్పు మన కంటపడదు. అందువల్ల ముందుగా జబ్బు పుట్టే తీరును తెలుసుకోవాలి.

దీనికి కారణమయ్యే బ్యాక్టీరియాలో ముఖ్యమైన న్యుమోకాకస్ ఎందరి ముక్కులోనో గొంతులోనో ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. నిద్రలో గొంతులోని స్రావాలు కొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారడం ఆరోగ్యవంతుల్లోనూ జరిగేదే. అయితే దగ్గు, శ్వాసనాళాల లోపలి సన్నని నూగు, గాలి గదుల్లోని రక్షక కణాలు వాటిని ఎప్పటికప్పుడు తొలగిస్తాయి. ఈ కాపలా సడలినా, చేరిన సూక్ష్మజీవి బలమైనదైనా గాలి గదులు వాచి నీటితో, చీము కణాలతో నిండిపోతాయి. రక్తానికి ప్రాణవాయువు సరిగా అందక ఆయాసం మొదలవుతుంది. ఫ్లూ, కొవిడ్ వైరస్‌లు తామే న్యుమోనియా కలిగించడంతోపాటు, లోపలి పొరను దెబ్బతీసి బ్యాక్టీరియాకు దారి ఇస్తాయి కనుక, ఫ్లూ తగ్గుముఖం పట్టాక జ్వరం తిరగబెడితే తేలిగ్గా తీసుకోకూడదు. మైకోప్లాస్మా, నిల్వ నీటి వ్యవస్థల్లో పెరిగే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా కూడా కారకాలే.

ఇక మీ ఇంట్లోవారి విషయంలో ఆ కాపలా ఎక్కడ బలహీనపడిందో చూడండి. 65 ఏళ్లు దాటినవారు, పసిపిల్లలు సహజంగానే ముప్పులో ఉంటారు. పొగతాగే అలవాటు శ్వాసనాళాల నూగును నేరుగా దెబ్బతీస్తుంది. మార్చుకోగలిగిన కారణాల్లో నా దృష్టిలో ఇదే మొదటిది. అతిగా మద్యం తాగేవారికి, పక్షవాతం వచ్చినవారికి మింగేటప్పుడు పొలమారడం, దగ్గు మందగించడం వల్ల గొంతులోనివి సులువుగా లోపలికి జారుతాయి. నోటి శుభ్రత లోపిస్తే జారేవాటిలో సూక్ష్మజీవులు మరింత ఎక్కువగా ఉంటాయి. ఆస్తమా, సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), గుండె వైఫల్యం, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, హెచ్‌ఐవీ ఉన్నవారిని, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారిని కూడా ఈ లెక్కలో చేర్చి, న్యుమోకాకస్, ఫ్లూ టీకాల గురించి వైద్యుడిని అడగాలి.

జబ్బు అనుమానం వచ్చినప్పుడు శ్వాసలను లెక్కపెట్టడం ఇంట్లో చేయదగిన మంచి పరీక్ష. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలికను చూస్తూ పూర్తి నిమిషం లెక్కించండి. 2 నెలలు నిండి ఏడాదిలోపు బిడ్డలో 50, ఏడాది నుంచి 5 ఏళ్లలోపు బిడ్డలో 40, లేదా అంతకు మించితే వేగంగా ఉన్నట్లే. అదే రోజు వైద్యుడికి చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పెద్దవారిలో నిమిషానికి 30 శ్వాసలు దాటడం, పెదవులు నీలం రంగుకు తిరగడం అత్యవసర లక్షణాలు. వృద్ధుల్లో జ్వరం, దగ్గు లేకుండానే న్యుమోనియా ముదరవచ్చు. నిన్నటిదాకా బాగానే మాట్లాడిన మనిషి ఇవాళ తికమకపడుతున్నా, తిండి మానేసి మగతగా పడుకుంటున్నా, జ్వరం వచ్చేదాకా ఆగకుండా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.