అప్డేట్ అయినంక ల్యాప్‌టాప్ స్లో అయిందా, ముందుగాల పవర్ మోడ్ చూడుండ్రి

మొన్న మా చెల్లె ల్యాప్‌టాప్ అప్డేట్ అయినప్పటి సంది బ్రౌజర్ల నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు ఆగిపోతుండె, హన్మకొండ చౌరస్తాల షాపుకు తీస్కపోతే ర్యామ్ మార్చాలన్నరట, నేను ఒక్కసారి చూస్త ఆగు అన్న. టాస్క్ మేనేజర్ల పర్ఫార్మెన్స్‌ల సీపీయూ (ల్యాప్‌టాప్‌ను నడిపించే ప్రాసెసర్) స్పీడ్ చూస్తే ఎంత లోడ్ పడ్డా 1 గిగాహెర్ట్జ్ దాటుతలేదు, చార్జర్ పెట్టే ఉన్నది మళ్ల!

విండోస్ 11 అయితే సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీల పవర్ మోడ్ ఉంటది, అది బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ మీద ఉండె, చార్జింగ్‌ల ఉన్నప్పుడు బెస్ట్ పర్ఫార్మెన్స్ పెట్టిన, స్పీడ్ అక్కడిదక్కడ్నే 3 దాటింది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు మాత్రం బ్యాలెన్స్‌డ్ మంచిది, లేకుంటే చార్జింగ్ తొందరగ అయిపోతది, ఫ్యాన్ సప్పుడు ఎక్కువైతది.

ఇంకోటి, కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌ల అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు పోతే మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటది, అది 100 శాతం ఉండాలె, 99 ఉన్నా చాలా వాటిల్ల టర్బో బూస్ట్ (పని ఎక్కువైనప్పుడు ప్రాసెసర్ స్పీడ్ పెంచుకునుడు) పనిచేయది. కొన్ని ల్యాప్‌టాప్‌లల్ల ఈ ఆప్షన్ కనవడది, పరేషాన్ గాకుండ్రి. కంపెనీ వాళ్ల సొంత యాప్‌ల సైలెంట్ మోడ్ ఆన్ అయి ఉందేమో గూడ చూడుండ్రి. తక్కువ వాట్ల చార్జర్ పెట్టినా కొన్ని అట్లనే స్పీడ్ తగ్గించుకుంటయి.

అప్డేట్ అయిన ఎంటనే అయితే ఓ గంట ఆగి చూడుండ్రి, వెనుకంగ ఇండెక్సింగ్ (వెతికితే తొందరగ దొరికేతట్టు ఫైళ్ల లిస్టు తయారుచేసుకునుడు) అసొంటి పనులు నడుస్తుంటయి. ఇవన్ని చూసినంకనే ర్యామ్‌కు పైసలు పెట్టుండ్రి.