స్పానిష్ అంతంతమాత్రమే వచ్చినా మపుచే ఊరికి అతిథిగా వెళ్లడం ఎలా?

చిలీ దక్షిణాన తెముకో నగరం దాకా వెళ్లినవాళ్లలో చాలామంది అక్కణ్నుంచి నేరుగా అగ్నిపర్వతాల దారి పడతారు. మీరు పడమటి వైపు, బూది సరస్సు ఒడ్డున ఉన్న మపుచే అనే మూలవాసుల ఊళ్లకు వెళ్లండి. భాష రాదని టెన్షన్ వద్దు, చెప్పాపెట్టకుండా మాత్రం వెళ్లొద్దు.

ముందు కబురు పెట్టండి. యాగెపుయి లాంటి ఊళ్లలో అతిథులకు బస, భోజనం ఇచ్చే కుటుంబాలున్నాయి. ఏ తేదీ, ఎంతమంది, ఎన్ని రాత్రులు, ఎంత అవుతుంది, ఇవన్నీ చిన్న చిన్న స్పానిష్ వాక్యాల్లో మెసేజ్ పెట్టి అడిగేస్తే, ఎదురుగా నిలబడి తడుముకునే పని ఉండదు. శాకాహారులు "సిన్ కార్నే" (మాంసం లేకుండా) అని ఊరుకోకండి, కార్నే అంటే అక్కడ చాలామందికి గొడ్డుమాంసమే; "నీ పోయో, నీ పెస్కాదో" అని కోడి, చేప కూడా వద్దని చెప్పాలి. పెసోలు నగదుగా ఉంచుకోండి, ఫోన్లో స్పానిష్ అనువాదం తెముకోలోనే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇంటి బయటే ఆగి "మరి మరి" అనండి. వాళ్ల సొంత భాష మపుదుంగున్‌లో పలకరింపు అదే, మన నోటికి ఇట్టే పట్టుబడుతుంది. "చల్తు మాయ్" అంటే ధన్యవాదాలు. ఆపైన "ఎంతియెందో పోకో, మాస్ దెస్పాసియో", అంటే కొంచెమే అర్థమవుతుంది, నెమ్మదిగా చెప్పండి అని.

లోపల కూర్చున్నాక మాతే వస్తుంది. చిన్న సొరబుర్రలో ఆకు నింపి, వేడినీళ్లు పోసి, లోహపు గొట్టంతో పీలుస్తారు. ఒకే బుర్ర, ఒకే గొట్టం, అందరికీ. ఎంగిలి పట్టింపు ఉన్న ఇళ్లలో పెరిగిన మనకు మొదటిసారి చెయ్యి ఆగుతుంది, అందుకే ఈ సంగతి ముందే చెబుతున్నా. గొట్టం కదపకుండా నీళ్లు అయిపోయేదాకా తాగి, పోసినవాళ్లకే తిరిగివ్వండి. మధ్యలో మర్యాదకని "గ్రాసియాస్" అనకండి, అంటే ఇక చాలు అని అర్థం, మీ వంతు ఆగిపోతుంది. పడకపోతే మొదట్లోనే ఆ మాట చెప్పేయొచ్చు.

ఫోటోకి ముందు "పుయెదో సకార్ ఉనా ఫోతో?" అని ప్రతిసారీ అడగండి. వైద్యం, పూజ చేసే మాచి దగ్గర, మెట్లు చెక్కిన రెవే మాను దగ్గర అయితే కెమెరా బయటికే తీయకండి. ఇంకొకటి, 19వ శతాబ్దంలో చిలీ సైన్యం ఆక్రమించిన మపుచేల భూముల గొడవ ఇప్పటికీ తెగలేదు, వచ్చీరాని స్పానిష్‌తో దాన్ని మీరు కదపొద్దు. వాళ్లే చెబితే మాత్రం చివరిదాకా వినండి.

తిరుగు బస్సు టైము ముందు రోజు రాత్రే అడిగి, చీటీ మీద రాయించుకోండి. వెళ్లేటప్పుడు "పెవ్కయల్", మళ్లీ కలుద్దాం.