డప్పు నేర్చుకుందాం – మూడో పాఠం: తోలు కాపుడు, సిటికెన పుల్ల పని

డప్పును ఎడమ భుజానికి తగిలించుకోవడం, కుడిచేత సిర్ర (దొడ్డు పుల్ల), ఎడమచేత సిటికెన పుల్ల (సన్న పుల్ల) పట్టుకోవడం పోయిన పాఠంలో అయిపోయింది. కొత్తవాళ్ల ధ్యాసంతా సిర్ర మీదే ఉంటుంది, పెద్ద చప్పుడు దానిదే కాబట్టి. కాని దరువును పట్టి నడిపేది సన్న పుల్ల. అది కుదరకుంటే ఎంత దంచినా మోతే తప్ప దరువు రాదు.

ముందు డప్పును కాపాలి. తోలు గాలిలోని తేమను పీల్చుకుని సడలుతుంది, మంట సెగకు ఆ తేమ పోయి బిగుస్తుంది. రెండు పిడికిళ్ల ఎండు వరిగడ్డి చాలు. ఎండిన తాటాకైనా సరే. కిరోసిన్ పోయొద్దు, జిడ్డు మసి తోలుకు పడుతుంది. తోలు ముఖం మంటవైపు ఉండేలా మూరెడు ఎత్తున పట్టుకుని, చేతులు ఆపకుండా చక్రంలా తిప్పుతూ ఉండాలి. ఒక్కచోట నిలిపితే అక్కడ తోలు గోధుమరంగుకు మారి పెళుసెక్కుతుంది. రేపో మాపో సిర్ర దెబ్బకు అక్కడే చిరుగుతుంది.

ఎంతసేపు కాపాలన్నది గడియారం చెప్పదు. మధ్యమధ్యలో మంట మీది నుంచి తీసి, నడుమ ఒకసారి, అంచు దగ్గర నాలుగు దిక్కులా ఒక్కోసారి వేలితో కొట్టి వినండి. అంచున ఒకచోట మొద్దుగా వినిపిస్తే అక్కడ ఇంకా తడి ఉన్నట్టు, ఆ పక్కనే సెగ చూపాలి. నాలుగు దిక్కులా ఒకే తీరుగా మోగిందంటే ఆపండి. ఇంకొంచెం ఖంగుమనాలని ఆశపడి కాపినప్పుడే డప్పులు పగులుతాయి. మేకతోలు పలుచన, దానికి తక్కువ సెగ చాలు. శ్రావణం ముసురులో కాపిన డప్పు కాసేపటికే మళ్లీ సడలుతుంది, కాబట్టి పక్కన గడ్డి ఉంచుకోవాలి. మే నెల ఎండల్లో మంట అవసరం అంతగా పడదు. అట్లని డప్పును ఎండలో వదిలేస్తే తోలు మితిమీరి బిగుసుకుంటుంది. నట్లతో బిగించే ఫైబర్ డప్పుకు ఈ బాధలేవీ లేవు, కాని దాన్ని మంట దగ్గరికి తేవొద్దు. నేర్చుకోవడానికి అదీ పనికొస్తుంది. తోలు డప్పులో ఉండే గుమకం (గుమ్మనే నిండు మోత) మాత్రం అందులో రాదు.

ఇక పుల్ల. ఎడమ ముంజేయి డప్పు పై అంచు మీద ఆనాలి. బొటనవేలు, చూపుడువేలు పుల్లను పట్టుకుంటాయి, మిగతా వేళ్లు ఊరికే తాకుతుంటాయి. పుల్ల కొస ఒక్కటే గుచ్చినట్టు తగలకూడదు, సగం పొడవు తోలు మీద పరుచుకుని పడాలి. అప్పుడు ‘చట్’మని పలుచగా పలుకుతుంది. ‘టిక్’మంటే కొస తగులుతున్నట్టు, మణికట్టు కాస్త దించండి. పుల్ల తోలుకు అతుక్కుపోయి చప్పుడు చచ్చిపోతే పట్టు బిగిసినట్టు, వేళ్లు వదులు చేయండి.

ఈ పాఠాలకు ఒక గుర్తు పెట్టుకుందాం: సిర్ర నడుమ పడితే ‘డం’, సిర్రను మెల్లగా తాకిస్తే ‘డ’, పుల్ల దెబ్బ ‘న’ లేదా ‘క’.

మొదట పుల్ల ఒక్కటే: క – క – క – క. నిమిషానికి అరవై దెబ్బలు, ఐదు నిమిషాలు. విసుగొస్తుంది, అయినా దాటేయొద్దు.

తర్వాత: డం – క – డం – క.

అది నిలిస్తే మూడు లెక్కల నడక: డం – క – క, డం – క – క.

చివరికి నాలుగు లెక్కలది: డం – డ – న – క. ఇక్కడ పుల్ల వరుసగా రెండుసార్లు పడాలి, రెండోది నీరసపడుతుంది. అందుకే కొన్నాళ్లు ‘క’ను కావాలనే ఒత్తి కొట్టండి. సిర్ర పడగానే పైకి లేవాలి. తోలు మీదే ఆగితే మోత అణిగిపోతుంది.

చేతులకన్నా ముందు నోరు రావాలి. ఇంట్లో తాత డప్పు కొట్టినవారైతే దరువును నోటితో అనమని అడగండి. ఆయన అంటుంటే మీరూ అనండి, అది తప్పకుండా వచ్చాకే పుల్ల ఎత్తండి. డప్పు ఎన్నడూ పట్టని తాతైనా సరే, ఐనవోలు మల్లన్న జాతరలో, పీర్ల పండుగలో దరువులు విన్న చెవి ఆయనది. ఆయనతో చేయించాల్సిన పని ఇంకొకటుంది. మీరు కొడుతుంటే వాకిట్లో ఆ దరువుకు అడుగు వేయమనండి. అడుగు తడబడినచోట మీ కాలం తప్పినట్టు. ఫోన్‌లోని టిక్కుటిక్కుమని లెక్క చూపే మెట్రోనోమ్‌కన్నా ఇది నయం, ఎందుకంటే డప్పు ఉన్నదే నడిచే కాళ్ల కోసం. తాతకు మోకాళ్ల నొప్పులుంటే కూర్చునే చప్పట్లు కొడితే సరిపోతుంది. ఒక్క షరతు: ‘శభాష్ బిడ్డా’ అనే మాట దరువు ఆగిన తర్వాతే అనాలి. నడుమ అంటే చేతులు ఉరుకుతాయి, నెమ్మదిగా మొదలైన డం–డ–న–క నిమిషం తిరక్కముందే పరుగందుకుంటుంది.

డప్పు వినపడగానే ఊళ్లో ఎవరింట్లోనో చావు జరిగిందేమోనని తలుపు తీసేవాళ్లున్నారు. పక్కింటివాళ్లకు ముందే చెప్పండి, పొద్దుపోయాక కొట్టొద్దు. రాత్రిపూట సాధనకు మడతపెట్టిన గొంగడి మీద కొట్టుకోండి. చప్పుడు బయటికి పోదు, పైగా గొంగడి మీద పుల్ల సరిగా ఎగరదు కాబట్టి ఎడమ మణికట్టుకు పని పెరుగుతుంది.

సాధన అయ్యాక డప్పును నేల మీద బోర్లించొద్దు, చెమ్మ పడుతుంది. బట్ట చుట్టి మేకుకు వేలాడదీయండి. తోలును ఎలుకలు కొరుకుతాయి కాబట్టి ధాన్యం బస్తాల గదిలో పెట్టొద్దు.

డం – డ – న – క ను పది నిమిషాలు వేగం మారకుండా కొట్టగలిగాకే నాలుగో పాఠం తెరవండి. అందులో డప్పు కొడుతూ అడుగు వేయడం ఉంటుంది. ఇక్కడ కాలం నిలవనివాళ్లకు అక్కడ కాళ్లు కలవవు.