స్లాబు పెచ్చులూడుతోందా? పైపైన పూసేయకండి

పెచ్చులూడి చువ్వలు బయటపడగానే చాలామంది సిమెంటు పూయించి రంగు వేయించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, లోపల తుప్పు అలాగే ఉంటే ఆ పూత మళ్లీ ఊడుతుంది, ఈలోగా చువ్వ ఇంకా సన్నబడుతుంది.

కొత్త కాంక్రీటు పీహెచ్ 12 పైనే ఉంటుంది, ఆ క్షారగుణమే చువ్వను కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగి పీహెచ్‌ను 9 కిందికి తెస్తుంది, దానికి తేమ తోడైతే తుప్పు మొదలు. తుప్పుకి ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కావాలి, అందుకే కాంక్రీటు పగులుతుంది.

ముందు నీరు ఎక్కడినుంచి దిగుతోందో పట్టుకుని ఆపండి. తర్వాత సుత్తితో తట్టుకుంటూ వెళ్లి, బోలుగా మోగినచోటల్లా సుద్దతో గీయండి, ఊడిన జాగా కంటే అది చాలా ఎక్కువే ఉంటుంది. బీములు, పిల్లర్లు అయితే స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసి ప్రాపులు (బరువు మోసే తాత్కాలిక ఆధారాలు) పెట్టించేదాకా ఉలి తాకించవద్దు.

అసలు పని చెక్కడంలోనే ఉంది. చువ్వ ముందువైపు చెక్కి ఆపేస్తే వెనక తుప్పు అక్కడే ఉండిపోతుంది, చువ్వ వెనక కూడా సుమారు 20 మి.మీ. ఖాళీ రావాలి, అంటే వేలు పెడితే చుట్టూ తిరగాలి. పొడవునా కూడా తుప్పులేని ఇనుము కనిపించేదాకా వెళ్లాల్సిందే. కొత్తగా చెక్కిన కాంక్రీటు ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లి చూడండి: గులాబీ రంగు వస్తే అక్కడ క్షారగుణం మిగిలి ఉన్నట్టు, రంగు రాకపోతే పోయినట్టు. అంచులు పలచగా తేలిపోకుండా కట్టర్‌తో 10 మి.మీ. లోతు నిటారుగా కోయించండి, పలచని అంచే మొదట లేచిపోతుంది.

చువ్వ వెనకవైపు కూడా వైర్ బ్రష్‌తో రుద్ది (శాండ్ బ్లాస్టింగ్ అయితే ఇంకా మంచిది) ఆలస్యం చేయకుండా జింక్ ప్రైమర్ వేయాలి. బాగా సన్నబడిన చువ్వ పక్కన కొత్తది ఎంత పొడవు కలపాలో ఇంజనీర్ చెప్పాలి. పాత కాంక్రీటును బాగా తడిపి, పైన నీరు నిలవకుండా చూసి, పాలిమర్ మోర్టార్‌ను (పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమం) చువ్వ వెనక్కి వేళ్లతో నొక్కి నింపుతూ పొరలు పొరలుగా కట్టండి. పొర ఎంత మందం ఉండాలో, క్యూరింగ్ ఎన్నాళ్లో సంచి మీదే ఉంటుంది, దాన్ని తగ్గించొద్దు.

ఉప్పుగాలి తగిలే కట్టడాల్లో ఇది చాలదు, ఎందుకంటే ప్యాచ్ (కొత్తగా నింపిన భాగం) బాగున్నా దాని చుట్టూ ఉన్న పాత కాంక్రీటులో తుప్పు వేగం పెరుగుతుంది. ప్యాచ్ అంచుల దగ్గర చువ్వలకు జింక్ యానోడ్లు (చిన్న జింక్ ముక్కలు) కట్టించండి, చువ్వకు బదులు అవి కరుగుతాయి.