కారు ఛార్జర్ కొనే ముందు ఇవి చూసుకోండి

- మీ ఫోన్ ఏ ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతిని వాడుతుందో ముందు తెలుసుకోండి. పీడీ (పవర్ డెలివరీ), పీపీఎస్ (ప్రోగ్రామబుల్ పవర్ సప్లై) లాంటివి. ఛార్జర్‌లో అదే పద్ధతి లేకపోతే 65 వాట్లని రాసి ఉన్నా ఛార్జింగ్ నెమ్మదిగానే ఎక్కుతుంది.
- డబ్బా మీది పెద్ద అంకె చాలాసార్లు అన్ని పోర్టులూ కలిపిన లెక్క. ఒక్కో పోర్టుకు ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవాల్సింది అదే.
- పీడీలో 60 వాట్లు దాటితే 5 ఆంపియర్ల టైప్-సి కేబుల్ తప్పనిసరి.
- కారు సాకెట్ సాధారణంగా 12 వోల్టులు, లారీల్లో 24. ఛార్జర్ మీ బండి వోల్టులకు సరిపోతుందో చూడండి.
- షార్ట్ సర్క్యూట్ రక్షణ ఉండాలి.
- సాకెట్‌లో వదులుగా ఊగితే ఎంత చవకైనా వద్దు. సరిగా ఆనని చోటే వేడెక్కుతుంది.
- కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా సాకెట్‌కు కరెంటు వస్తూనే ఉంటుంది. దిగేటప్పుడు ఛార్జర్ తీసేయండి.